గోల్డ్ కోస్ట్ నుంచి ఘనా వరకు: కోకో రైతు, స్వయంపాలన పోరాటం

పరిచయం

1957 మార్చి 6న పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస ప్రాంతం ఘనా అనే పేరుతో స్వతంత్ర దేశమైంది. పరీక్షల్లో చాలామంది విద్యార్థులు దీన్ని ‘ఆఫ్రికాలో స్వాతంత్ర్యం పొందిన మొదటి దేశం’ అని రాస్తుంటారు. అది సరికాదు. లిబియా 1951లో, సూడాన్, మొరాకో, ట్యునీషియాలు 1956లో స్వతంత్రమయ్యాయి. సహారా ఎడారికి దక్షిణాన పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో యూరోపియన్ పాలన నుంచి బయటపడిన వలస దేశాల్లో ఘనా మొదటిది. దాని తర్వాత ఎనిమిదేళ్ళలోనే ఆ ప్రాంతంలోని బ్రిటిష్, ఫ్రెంచి వలసలన్నీ స్వతంత్రమయ్యాయి. అందుకే ఈ చిన్న దేశ చరిత్రను ప్రత్యేకంగా చదువుతున్నాం.

ఈ చరిత్రను సాధారణంగా క్వామే ఎన్‌క్రుమా జీవితకథగా చెబుతారు. ఆయన పాత్ర గొప్పదే, కాని అది కథలో సగమే. రెండో సగం కోకో గింజలో ఉంది. చాక్లెట్ తయారీకి వాడే ఈ గింజ గోల్డ్ కోస్ట్‌కు డబ్బు తెచ్చింది. బ్రిటిష్ పాలన మీద రైతుకు కోపం తెప్పించింది. స్వాతంత్ర్యం గుమ్మంలోకి వచ్చిన వేళ అదే గింజ ఆ దేశాన్ని దాదాపు రెండుగా చీల్చింది. ఈ పాఠం చదివేటప్పుడు ‘కోకో ధరను నిర్ణయించేది ఎవరు?’ అనే ప్రశ్నను మనసులో ఉంచుకోండి. గోదావరి జిల్లాల్లో ఉండేవారు కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసిన కోకో చెట్లను చూసే ఉంటారు. మాను మీదే కాయలు కాసే ఆ చెట్టే ఇది.

వలస పాలన ఏర్పడిన తీరు

గోల్డ్ కోస్ట్ ఒకే రాజ్యంగా బ్రిటిష్ వారి చేతికి రాలేదు. సముద్ర తీరంలోని ఫాంటీ ప్రధానులు 1844 మార్చి 6న ఒక ఒడంబడిక మీద సంతకాలు చేసి, తీవ్రమైన నేరాల విచారణలో బ్రిటిష్ న్యాయాధికారానికి చోటిచ్చారు. తమ నేలను రాసివ్వడం ఆ పత్రం ఉద్దేశం కాదు. కాని కాలక్రమంలో బ్రిటిష్ అధికారం దాన్ని పునాదిగా చూపించుకుంది. స్వాతంత్ర్యానికి మార్చి 6వ తేదీని ఎంచుకోవడం వెనుక ఉన్నది ఈ జ్ఞాపకమే. 1874లో తీర ప్రాంతం అధికారికంగా బ్రిటిష్ వలస అయింది.

లోతట్టున ఉన్న అషాంటీ రాజ్యం కథ వేరు. కుమాసి రాజధానిగా ఉన్న ఈ బలమైన రాజ్యం బ్రిటిష్ వారితో పలుమార్లు యుద్ధం చేసింది. 1896లో రాజు మొదటి ప్రెంపేను బంధించి, ఆ తర్వాత సెషెల్స్ దీవులకు పంపారు. 1900లో గవర్నర్ హాడ్జ్‌సన్ అషాంటీల బంగారు పీఠాన్ని తన ముందుకు తెమ్మన్నాడు. ఆ పీఠం మీద రాజు కూడా కూర్చోడు. అషాంటీ జాతి ప్రాణం అందులో ఉంటుందని వారి నమ్మకం. ఎజిసు రాణిమాత యా అసంతెవా నాయకత్వంలో జరిగిన తిరుగుబాటును అణచివేసి బ్రిటిష్ వారు అషాంటీని కలుపుకున్నారు. ఉత్తర ప్రాంతాలు ప్రత్యేక రక్షిత ప్రాంతమయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ వలస అయిన టోగోలాండ్‌లో పడమటి భాగం కూడా బ్రిటిష్ పాలన కిందికి వచ్చింది.

అంటే తీరం, అషాంటీ, ఉత్తరం, టోగోలాండ్ అనే నాలుగు భాగాలు వేరువేరు దారుల్లో వచ్చి ఒకే గవర్నర్ కింద చేరాయి. 1950 దశకంలో వచ్చిన చీలికలు ఈ అతుకుల వెంటే వచ్చాయి. కాబట్టి ఈ నాలుగు పేర్లను గుర్తుంచుకోండి.

కోకో తెచ్చిన మార్పు

కోకో ఆఫ్రికా మొక్క కాదు, దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. టెట్టే క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి అక్వాపిమ్ కొండల్లో నాటాడని చెబుతారు. 1891లో ఎగుమతులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకే, 1911 నాటికి, గోల్డ్ కోస్ట్ ప్రపంచంలోనే అత్యధికంగా కోకో పండించే దేశమైంది.

ఈ వేగం కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తోటలు యూరోపియన్లవి కావు. కెన్యాలో మంచి భూములను తెల్లజాతి వలసదారులు ఆక్రమించుకున్నారు. గోల్డ్ కోస్ట్‌లో అలాంటివారు లేరు. 1897లో ప్రభుత్వం భూములను తన అజమాయిషీలోకి తెచ్చే చట్టం చేయబోతే, తీర ప్రాంతపు ప్రధానులూ చదువుకున్నవారూ కలిసి ఆదివాసీ హక్కుల పరిరక్షణ సంఘాన్ని స్థాపించి దాన్ని అడ్డుకున్నారు. ఆ విజయం విలువ తర్వాత తెలిసింది. భూమి ఆఫ్రికన్ల చేతిలోనే మిగిలింది. రైతులు బంధువులతో కలిసో, జట్లుగా ఏర్పడో అడవి కొనుక్కుని, తూర్పు నుంచి పడమరకు సాగిపోతూ తోటలు వేశారు. ఉత్తర ప్రాంతాల నుంచి కూలీలు వచ్చారు. కోకో డబ్బుతో ఇళ్ళు లేచాయి, లారీలు కొన్నారు, పిల్లలు బడికి వెళ్ళారు.

తోట రైతుదే అయినా బేరం అతని చేతిలో లేదు. కొనేది కొద్దిపాటి యూరోపియన్ కంపెనీలు. 1937లో ఆ కంపెనీల్లో చాలా భాగం పోటీ మానుకుని, కొనుగోళ్ళను పంచుకుని, ధర పెరగకుండా చూసేందుకు ఒప్పందం చేసుకున్నాయి. దానికి సమాధానంగా రైతులు పంట అమ్మడం మానేశారు. విదేశీ సరుకుల కొనుగోలు కూడా ఆపేశారు. 1937 చివరి నుంచి 1938 ఏప్రిల్ వరకు కోకో గింజలు గోదాముల్లోనే ఉండిపోయాయి. ప్రధానులు, దళారులు, చిన్న రైతులు ఒకే పక్షాన నిలవడం ఆ దేశంలో అంతకుముందు ఎరగని విషయం. మా ఉద్దేశంలో గోల్డ్ కోస్ట్ ప్రజా ఉద్యమానికి అసలు ఆరంభం ఇదే. ఏ రాజకీయ పార్టీ పుట్టకముందే, కోకో రైతులు దేశవ్యాప్త బహిష్కరణను ఆరు నెలలపాటు నడిపి చూపించారు.

యుద్ధకాలంలో కంపెనీల ఒప్పందం స్థానంలో ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారు అయింది. 1947లో కోకో మార్కెటింగ్ బోర్డు ఏర్పడింది. ప్రపంచ ధర పెరిగినప్పుడు రైతుకు కొంత తక్కువ ఇచ్చి మిగులు దాచడం, ధర పడిపోయినప్పుడు ఆ మిగులుతో రైతును ఆదుకోవడం దీని లక్ష్యం. కాగితం మీద మంచి ఏర్పాటే. కాని యుద్ధం తర్వాత ధరలు పెరుగుతూనే పోయాయి, మిగులు కూడుతూనే పోయింది, ఆ డబ్బు లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ పత్రాల్లో పెట్టుబడిగా ఉండిపోయింది. యుద్ధంతో చితికిన బ్రిటన్‌కు అది ఊపిరి పోసింది. గోల్డ్ కోస్ట్ రైతుకు మాత్రం సంతలో గుడ్డ ధర, కిరోసిన్ ధర పెరిగిపోతున్నాయి.

దీనికి తోడు తెగులు వచ్చింది. కోకో కొమ్మలు ఉబ్బిపోయే ఆ వైరస్ వ్యాధికి మందు లేదు. తెగులు తగిలిన చెట్లను నరికివేయడమే మార్గమని ప్రభుత్వం తేల్చి, ఆ పని బలవంతంగా మొదలుపెట్టింది. శాస్త్రపరంగా ఆ సలహా సరైనదే. కాని తెగులు తగిలిన చెట్టు వెంటనే చావదు, ఇంకా రెండు మూడేళ్ళు కాస్తుంది. కళ్ళముందు కాయలతో ఉన్న చెట్టును ప్రభుత్వ మనుషులు వచ్చి నరుకుతుంటే రైతు ఏమనుకుంటాడు? తెల్లవాళ్ళు మన తోటలను నాశనం చేసి వేరే చోట కోకో పెంచుకోబోతున్నారన్న పుకారు ఊరూరా పాకింది.

1948: అక్రా వీధుల్లో

ఇంతవరకు రాజకీయాలు న్యాయవాదులు, వ్యాపారులు, ప్రధానుల చేతిలో ఉన్నాయి. 1946 బర్న్స్ రాజ్యాంగం శాసనమండలిలో ఆఫ్రికన్ సభ్యులకు ఆధిక్యం ఇచ్చింది. అయితే వారిలో చాలామంది ప్రధానుల మండళ్ళు పంపినవారే, నిర్ణయాధికారం గవర్నర్‌దే. 1947 ఆగస్టు 4న సాల్ట్‌పాండ్ పట్టణంలో యునైటెడ్ గోల్డ్ కోస్ట్ కన్వెన్షన్ ఏర్పడింది. కలప వ్యాపారి జార్జ్ గ్రాంట్, న్యాయవాది జె.బి. డాంక్వా దాని ప్రముఖులు. ‘వీలైనంత త్వరలో స్వయంపాలన’ దాని నినాదం. పార్టీ పని చూడడానికి పూర్తికాలం కార్యదర్శి కావలసివచ్చింది. పన్నెండేళ్ళుగా విదేశాల్లో ఉన్న ఎన్‌క్రుమాను పిలిపించారు. అమెరికాలోని లింకన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1945లో మాంచెస్టర్‌లో జరిగిన అయిదో పాన్-ఆఫ్రికన్ మహాసభ నిర్వహణలో పాల్గొన్న ఆయన 1947 డిసెంబరులో తిరిగివచ్చాడు.

పెరుగుతున్న ధరలకు వ్యతిరేకంగా అక్రాలోని ఒక ప్రధాని, నీ క్వాబెనా బోన్నే, 1948 జనవరి 26 నుంచి విదేశీ దుకాణాల బహిష్కరణ నడిపించాడు. ఫిబ్రవరి 28న బహిష్కరణ ముగిసింది. అదే రోజు మాజీ సైనికులు తమ విన్నపాన్ని గవర్నర్‌కు ఇవ్వడానికి ఆయన నివాసమైన క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు ఊరేగింపుగా బయలుదేరారు. వీరెవరో తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో గోల్డ్ కోస్ట్ నుంచి సుమారు 65 వేల మంది సైన్యంలో చేరారు. వారిలో చాలామంది మన దేశం మీదుగా వెళ్ళి బర్మాలో జపాన్ సైన్యంతో పోరాడారు. ఇంటికి వచ్చాక వారికి దొరికినవి అరకొర పింఛన్లు, లేని ఉద్యోగాలు. ఊరేగింపు అనుమతించిన దారి తప్పిందన్న కారణంతో పోలీసు అధికారి ఇమ్రే ఆపమన్నాడు, ఆపైన కాల్పులు జరిపాడు. సార్జంట్ అజెటీ, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టీ మరణించారు.

వార్త ఊరిలోకి చేరేసరికి జనం దుకాణాల మధ్య ఉన్నారు. ధరలు తగ్గుతాయని నమ్మి వచ్చి, తగ్గలేదని ఆగ్రహంతో ఉన్నారు. విదేశీ కంపెనీల దుకాణాలు తగలబడ్డాయి, అల్లర్లు ఇతర పట్టణాలకు పాకాయి. మొత్తం 29 మంది చనిపోయారు, 237 మంది గాయపడ్డారు. వీటిని తామే ప్లాన్ చేసినట్టు ప్రభుత్వం అనుమానించి కన్వెన్షన్ నాయకులు ఆరుగురిని నిర్బంధించింది. నిజానికి వారు దాన్ని ముందుగా ఊహించను కూడా లేదు. డాంక్వా, ఎన్‌క్రుమా, ఒఫోరి-అట్టా, అకుఫో-అడో, అకో అజేయ్, ఒబెట్సెబి-లాంప్టీ అనే ఈ ఆరుగురిని ఘనా చరిత్రలో ‘ఆరుగురు పెద్దలు’ అంటారు.

లండన్ వాట్సన్ కమిషన్‌ను వేసింది. అల్లర్లకు కారణాలను లెక్కిస్తూ కమిషన్ మాజీ సైనికుల అసంతృప్తి, ధరలతోపాటు కోకో చెట్ల నరికివేతనూ చేర్చింది, బర్న్స్ రాజ్యాంగం పుట్టుకతోనే పాతబడిందని తేల్చింది. కొత్త రాజ్యాంగం రూపొందించడానికి సభ్యులంతా ఆఫ్రికన్లే ఉన్న కూసీ సంఘం ఏర్పడింది. ఆరుగురిలో అయిదుగురికి అందులో చోటు దొరికింది. ఎన్‌క్రుమాకు దొరకలేదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
గోల్డ్ కోస్ట్‌లో కోకో తోటలు ఆఫ్రికన్ల చేతిలోనే ఉండడం జాతీయోద్యమ స్వభావాన్ని ఎలా ప్రభావితం చేసింది? అయిదు వాక్యాల్లో రాయండి. తర్వాత పై భాగంతో సరిచూసుకోండి.

‘త్వరలో’, ‘ఇప్పుడే’

బయట మిగిలిన ఎన్‌క్రుమా ఊళ్ళు తిరిగాడు, ‘అక్రా ఈవెనింగ్ న్యూస్’ పత్రిక పెట్టాడు, 1949 జూన్ 12న కన్వెన్షన్ పీపుల్స్ పార్టీని స్థాపించాడు. రెండు పార్టీల లక్ష్యం స్వయంపాలనే. ఒకటి ‘వీలైనంత త్వరలో’ అంది, మరొకటి ‘ఇప్పుడే’ అంది. ఒక మాట తేడాయే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కొంత చదువు చదివి ఉద్యోగం దొరకని యువకులు, సంతల్లో వ్యాపారం చేసే స్త్రీలు, లారీ డ్రైవర్లు, రైల్వే కార్మికులు, చిన్న గుమస్తాలు ‘ఇప్పుడే’ అన్నవారి వెంట నడిచారు. పార్టీని పల్లెలకు తీసుకువెళ్ళడంలో సంత వ్యాపారం చేసే స్త్రీల డబ్బు, గొంతు రెండూ పనిచేశాయి. దీన్ని పాఠ్యపుస్తకాలు తగినంతగా చెప్పవు.

ఎన్‌క్రుమా తన పద్ధతికి ‘పాజిటివ్ యాక్షన్’ అని పేరు పెట్టాడు. పత్రికలు, ప్రచారం, చివరి అస్త్రంగా సమ్మెలు, బహిష్కరణలు, సహాయ నిరాకరణ. గాంధీజీ భారతదేశంలో నడిపిన అహింసా పోరాటమే దీనికి ఆధారమని ఆయనే ప్రకటించాడు. 1950 జనవరి 8న అది మొదలైంది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించి నాయకులను జైలులో పెట్టింది. ఎన్‌క్రుమా జైలు నుంచి మరుగుదొడ్డి కాగితం ముక్కల మీద రాసి పార్టీకి సందేశాలు పంపేవాడు. బయట పార్టీని కోమ్లా బెడెమా నిలబెట్టాడు. జైలు నుంచి విడుదలైన కార్యకర్తలు ‘జైలు పట్టభద్రులు’ అనే అర్థంలో పి.జి. అనే అక్షరాలున్న టోపీలు పెట్టుకుని తిరిగారు. విదేశీ పట్టాలు ఉన్న పెద్దమనుషుల పార్టీకి ఇంతకంటే చురుకైన జవాబు దొరకదేమో.

1951 ఫిబ్రవరిలో కూసీ రాజ్యాంగం కింద ఎన్నికలు జరిగాయి. ప్రజలు ఎన్నుకునే 38 స్థానాల్లో 34 కన్వెన్షన్ పీపుల్స్ పార్టీకి దక్కాయి. జైలులో ఉంటూ అక్రా నుంచి పోటీచేసిన ఎన్‌క్రుమాకు పోలైన 23,122 ఓట్లలో 22,780 వచ్చాయి. గవర్నర్ ఆర్డెన్-క్లార్క్ ముందు రెండు దారులున్నాయి: గెలిచినవాడిని జైలులోనే ఉంచి రాజ్యాంగాన్ని కూల్చుకోవడం, లేదా వదిలిపెట్టి అతనితో పనిచేయడం. ఫిబ్రవరి 12న ఎన్‌క్రుమాను విడుదల చేసి ప్రభుత్వ వ్యవహారాల నాయకుడిగా నియమించాడు. 1952 మార్చిలో ఆయన ప్రధానమంత్రి అయ్యాడు. తర్వాత ఆరేళ్ళపాటు ఈ ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కలిసి నడిచారు. గోల్డ్ కోస్ట్‌లో అధికార బదిలీ పెద్ద రక్తపాతం లేకుండా సాగడానికి అదొక కారణం.

డెబ్బై రెండు షిల్లింగులు

చాలా పుస్తకాల్లో 1951 నుంచి 1957కు ఒక్క గంతు ఉంటుంది. మీరు ఆ గంతు వేయవద్దు. ఈ పాఠంలో అతి ముఖ్యమైన ఘట్టం ఆ మధ్యలోనే ఉంది.

1954 జూన్‌లో జరిగిన ఎన్నికల్లో ఎన్‌క్రుమా పార్టీ 104 స్థానాల్లో 71 గెలిచింది. కోకోకు మంచి ధర వస్తుందని రైతులు ఎన్నికల ముందు ఆశపెట్టుకున్నారు. ఆగస్టులో ఆర్థికమంత్రి బెడెమా తెచ్చిన బిల్లు 60 పౌన్ల బస్తాకు రైతుకు ఇచ్చే ధరను నాలుగేళ్ళపాటు 72 షిల్లింగులుగా ఖాయం చేసింది. లెక్క వేసి చూడండి: ఒక టన్నుకు 37 బస్తాల పైన, అంటే రైతుకు సుమారు 134 పౌండ్లు. ప్రపంచ మార్కెట్ ధర అప్పుడు దీనికి రెట్టింపు కంటే ఎక్కువ.

ప్రభుత్వ వాదనలో పస లేకపోలేదు. రైతు చేతికి డబ్బంతా ఒకేసారి వస్తే ధరలు పెరుగుతాయి. బడులు, రోడ్లు, ఆసుపత్రులు కట్టడానికి మరో ఆదాయం లేదు. 1952 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు ఎత్తివేసినది కూడా ఈ ప్రభుత్వమే. కాని అషాంటీ రైతు వైపు నుంచి ఆలోచించండి. కంపెనీలు ధర తొక్కిపెట్టినప్పుడు పోరాడాడు. బ్రిటిష్ బోర్డు మిగులు లండన్‌లో దాచినప్పుడు మండిపడ్డాడు. ఇప్పుడు తన ఓటుతో గెలిచిన ప్రభుత్వం అదే బోర్డును చేతపట్టుకుని అదే పని చేస్తోంది. పైగా రైతులకు అప్పులిచ్చే కోకో కొనుగోలు సంస్థ పాలక పార్టీ మనుషులకే మేలు చేస్తోందన్న ఆరోపణ ఉంది. ఆ ఆరోపణలో నిజం ఉందని తర్వాత జిబోవు కమిషన్ తేల్చింది.

1954 సెప్టెంబరు 19న కుమాసిలో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పుట్టింది. దాని స్థాపకుడు బఫూర్ ఒసేయ్ అకోటో స్వయంగా కోకో రైతు, అషాంటీ రాజు ఆస్థానంలో రాజు మాటను సభకు వినిపించే ప్రధాన అధికారి. ధర మీద మొదలైన ఉద్యమం త్వరలోనే సమాఖ్య ప్రభుత్వం కావాలంది. కోకోలో పెద్ద వాటా పండించే అషాంటీకి తన ఆదాయం మీద అధికారం ఉండాలన్నది దాని వాదన. అషాంటీ రాజు, ప్రధానులు, పండితుడు కోఫి బుసియా దాని వెనుక నిలిచారు. ఎన్‌క్రుమా దృష్టిలో ఇది చిన్న దేశాన్ని ముక్కలు చేసి ప్రధానుల పెత్తనాన్ని మళ్ళీ తెచ్చే ప్రయత్నం. కుమాసి వీధుల్లో హత్యలు, ఇళ్ళ దహనాలు జరిగాయి. అక్రాలో ప్రధానమంత్రి ఇంటి మీద 1955లో బాంబు పడింది. బ్రిటిష్ పోలీసుల తూటాలకు స్వాతంత్ర్య పోరాటంలో చనిపోయినవారిని మనం పేర్లతో గుర్తుపెట్టుకుంటాం. ఈ రెండేళ్ళలో ఒకరి చేతిలో ఒకరు చనిపోయిన అషాంటీ వారి పేర్లు పాఠాల్లోకి రాలేదు.

ఉత్తరాన వేరే పార్టీ ఏర్పడింది. టోగోలాండ్‌లో 1956 మేలో ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 58 శాతం గోల్డ్ కోస్ట్‌తో కలవడానికి ఓటు వేశారు, కాని దక్షిణ భాగంలోని ఎవే ప్రజల్లో ఎక్కువమంది వద్దన్నారు. ఇన్ని చీలికలు చూసి లండన్ ఒక షరతు పెట్టింది: మరోసారి ఎన్నికలు జరగాలి, కొత్త సభలో తగినంత ఆధిక్యంతో తీర్మానం రావాలి, అప్పుడే తేదీ.

1956 జులైలో ఎన్నికలు జరిగాయి. ఫలితాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ఎన్‌క్రుమా పార్టీకి మళ్ళీ 71 స్థానాలు వచ్చాయి, ఓట్లలో సుమారు 57 శాతం. అషాంటీలో మాత్రం 21 స్థానాల్లో 13 ప్రతిపక్షానివి. సభలో ఆధిక్యం తిరుగులేనిది, కనుక ఏకకేంద్ర రాజ్యమే గెలిచింది. ప్రతిపక్షాన్ని ఊరడించడానికి ప్రాంతీయ సభల ఏర్పాటు రాజ్యాంగంలో చేరింది. సెప్టెంబరు 18న తేదీ ప్రకటించారు.

మార్చి 6, ఆ తర్వాత

అక్రా పాత పోలో మైదానంలో అర్ధరాత్రి జెండా మారింది. బ్రిటిష్ రాణి తరఫున డచెస్ ఆఫ్ కెంట్, అమెరికా నుంచి ఉపాధ్యక్షుడు నిక్సన్, పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ వచ్చారు. మిగతా ఆఫ్రికా విముక్తి కానంతవరకు తమ స్వాతంత్ర్యానికి అర్థం లేదని ఎన్‌క్రుమా ఆ రాత్రి చెప్పాడు. దేశం పేరు డాంక్వా వాదించి ప్రచారం చేసినది. ప్రాచీన ఘనా సామ్రాజ్యం నేటి మారిటానియా, మాలి ప్రాంతంలో ఉండేది. అది ఈ నేల మీద ఉన్నది కాదు. వలసవాదులు సరుకు పేరు పెట్టిన దేశానికి ఆఫ్రికా గత వైభవపు పేరు కావాలనుకున్నారు. మ్యాప్‌లో రెండింటినీ కలిపి గుర్తించవద్దు.

కొత్త ప్రభుత్వానికి లండన్‌లో సుమారు 20 కోట్ల పౌండ్ల నిల్వలు సంక్రమించాయి. అందులో అధిక భాగం కోకో డబ్బు. ఆ ఏడాదే ప్రాంతం, తెగ, మతం ఆధారంగా ఏర్పడిన పార్టీలను నిషేధించే చట్టం వచ్చింది. ప్రతిపక్షాలన్నీ కలిసి ఒక పార్టీగా మారవలసివచ్చింది. 1958లో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం వచ్చింది. ప్రాంతీయ సభల ఏర్పాటు కూడా నిలవలేదు. దేశానికి పేరు సూచించిన డాంక్వా 1965 ఫిబ్రవరిలో న్సవామ్ జైలులో నిర్బంధితుడిగా మరణించాడు. అదే ఏడాది ప్రపంచ మార్కెట్‌లో కోకో ధర కుప్పకూలింది. నిల్వలు అప్పటికే ఖర్చయిపోయాయి. ధర పడిపోయినప్పుడు ఆదుకుంటామని చెప్పి దాచిన డబ్బు, ఆ రోజు వచ్చేసరికి రైతుకు లేదు. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా చైనాలో ఉండగా సైన్యం అధికారం చేజిక్కించుకుంది.

మాదిరి ప్రశ్నలు
1. 1937–38 కోకో అమ్మకాల నిలుపుదలను, 1954 నాటి నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్‌ను పోల్చండి. రెండింటిలోనూ రైతు కోరిక ఒకటేనా?
2. 1956 ఎన్నికల ఫలితాన్ని ఏకకేంద్రవాది ఎలా చదువుతాడు, సమాఖ్యవాది ఎలా చదువుతాడు? మీరు ఎవరితో ఏకీభవిస్తారో కారణాలతో రాయండి.